పదిహేడో ఆర్టికల్

ఇవాళ ఆదివారం, చేసిన పనంటూ పెద్దగా ఏం లేదు. పొద్దున ఇడ్లీలు, ఆ తర్వాత రెండు బకెట్ల బట్టలు, మధ్యాహ్నం కాసేపు నడుం వాలుద్దామంటే మేనల్లుడు సోషల్ పుస్తకం పట్టుకొచ్చాడు, "అత్తా ఇది చెప్పవా" అని. ఫ్రెంచి విప్లవంలో తత్వవేత్తల పాత్ర అంట, నాలుగు మార్కులు. గైడులో ఆన్సరు రెడీగానే ఉంది, లాక్, మాంటెస్క్యూ, రూసో రాసినవి చదివి ప్రజలు చైతన్యవంతులయ్యారు అని. వాడు అది బట్టీ కొట్టేసి క్రికెట్‌కి పోయాడు, నిద్ర చెడింది నాకు.

అసలు లాక్ 1704లోనే పోయాడు, మాంటెస్క్యూ 1755లో, రూసో, వోల్టేర్ ఇద్దరూ 1778లో. విప్లవం మొదలై బాస్టీల్ కోట పడింది 1789లో, అప్పటికి వీళ్లలో ఒక్కరూ లేరు. 1788లో పంటలు పోయి, రొట్టె ధర మండిపోయి, ఖజానా ఖాళీ అయ్యి, ఇవన్నీ కలిస్తేనే జనం రోడ్డెక్కారు గానీ పుస్తకాలు చదివి మాత్రమే కాదు. కాకపోతే ఒకటుంది, ఆకలితో అల్లర్లు అంతకుముందూ జరిగాయి, అప్పుడు రాజుగారూ దయచూపండి అనేవాళ్లు, ఈసారి మాత్రం ఇది మా హక్కు అన్నారు. పుస్తకాలు చేసిన పని అదే అనుకుంటా, చిన్న పనేం కాదు.

ఆ హక్కులన్నీ 1789 ఆగస్టు 26న ప్రకటనగా రాసుకున్నారు, 17 ఆర్టికల్స్. మొదటిది మనుషులు పుట్టుకతోనే స్వేచ్ఛ ఉన్నవాళ్లు, హక్కుల్లో సమానం అంటుంది, చివరిది ఆస్తి హక్కు పవిత్రం అంటుంది. చదవడానికి రెండూ బాగానే ఉంటాయి, కానీ అదే ఫ్రాన్స్‌కి కరీబియన్‌లో సెయింట్ డొమింగ్ అని కాలనీ ఉండేది, ఇప్పటి హైతీ అదే, చెరకు, కాఫీ తోటల్లో దాదాపు 5 లక్షల మంది బానిసలు, యజమానుల లెక్కలో వాళ్లే ఆస్తి. మరి మొదటి ఆర్టికల్ వాళ్లకా, పదిహేడోది యజమానులకా?

యజమానులకి ఈ తిరకాసు వెంటనే అర్థమైంది, ప్యారిస్‌లో క్లబ్ పెట్టుకుని మరీ లాబీయింగ్ చేశారు. ఓజే అని ఒకాయన, బానిస కాదు, మిశ్రమ జాతి వ్యాపారి, మా లాంటి స్వతంత్రులకైనా ఓటు ఇవ్వండి అని అడిగాడు, బానిసల విముక్తి ఊసు కూడా ఎత్తలేదు పాపం, ఆయన్నే 1791 ఫిబ్రవరిలో చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు. అదే ఏడు ఆగస్టులో బానిసలే తోటలు తగలబెట్టి తిరగబడ్డారు. వాళ్లలో చదవడం వచ్చినవాళ్లు ఎంతమంది ఉండుంటారు, అయినా ఆ మొదటి ఆర్టికల్‌ని రాసినవాళ్ల కంటే వాళ్లే నిజంగా నమ్మారనిపిస్తుంది నాకు.

1794 ఫిబ్రవరి 4న ప్యారిస్‌లోని విప్లవ సభ బానిసత్వం రద్దు చేసింది, పెద్ద మనసుతో అని గైడు రాసేవాళ్లు అంటారేమో, అక్కడ తిరుగుబాటు ఆగట్లేదు, పైగా బ్రిటన్, స్పెయిన్ మీదకొస్తున్నాయి, వేరే దారి ఎక్కడుంది. ఒకప్పటి బానిస బెలే ఆ సభలో మెంబరుగా కూర్చున్నాడు. జిరోడే అనే చిత్రకారుడు 1797లో ఆయన బొమ్మ వేశాడు, ఇవాళ ఫోన్‌లో చాలాసేపు చూశా, నడుముకి మూడు రంగుల పట్టీ కట్టుకుని, బానిసత్వాన్ని తిట్టిన రేనాల్ అనే రచయిత పాలరాతి తలకి తీరిగ్గా ఆనుకుని నిలబడ్డాడు. తత్వవేత్త రాయి, ఈయన ప్రాణమున్న మనిషి. అలాంటిది 1802లో నెపోలియన్ మళ్లీ బానిసత్వం తెచ్చాడు, తిరుగుబాటు నడిపిన టూసాన్‌ని మోసం చేసి పట్టుకెళ్లి కొండల్లో కోటలో పడేస్తే 1803లో ఆ చలికే పోయాడు. ఆయన మనుషులు ఆగలేదు, 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది.

నా కోపమంతా 1825 మీద. ఫ్రాన్స్ యుద్ధ నౌకల్ని తెచ్చి ఎదురుగా నిలబెట్టి, మిమ్మల్ని దేశంగా గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి అంది, పాత యజమానులకి నష్టపరిహారం అట. తర్వాత 9 కోట్లకి తగ్గించారులెండి, మొదటి వాయిదా కట్టడానికి కూడా హైతీ ఫ్రెంచి బ్యాంకుల్లోనే అప్పు చేసింది. 2003లో హైతీ అధ్యక్షుడు అరిస్టీడ్ ఆ డబ్బు తిరిగివ్వమని అడిగాడు. ఫ్రాన్స్ ఇవ్వలేదు.