గండికోటలో నోరు కట్టుకున్న రోజు

ఈస్టరు ముందు ఉపవాస కాలం, లెంట్ వచ్చిందంటే మా ఇంట్లో నలభై రోజులు మాంసం ముట్టం. నోరు కట్టుకోవడమంటే మాకు తెలిసింది అదొక్కటే. మాటల విషయంలో నోరు కట్టుకున్నవాణ్ణి మా సంఘంలో ఇంతవరకూ చూడలేదు. పాస్టరుగారు "కాసేపు మౌనంగా ప్రార్థిద్దాం" అంటారు, ఆ కాసేపూ కీబోర్డు మోగుతూనే ఉంటుంది. "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న 46వ కీర్తన వాక్యం మా హాల్లో గోడకుంది. దాని కిందే టీవీ.

అందుకే ఈసారి ఒక శనివారం, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా మాట్లాడకూడదనుకుని గండికోటకు పోయాను. ముందురోజు రాత్రే జమ్మలమడుగులో దిగాను. మా నాయన పుట్టింది ఆ ఊళ్ళోనే, లండన్ మిషన్ వాళ్ళ క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో. కోటకు అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు. ఆటో బేరం రాత్రే కుదుర్చుకున్నాను. మౌనంగా బేరమాడటం ఎవరివల్లా కాదు.

జామా మసీదు, ధాన్యాగారం దాటి రంగనాథస్వామి గుడి వెనక నుంచి పోతే పెన్నా గండి. ఎవరో పేర్చి పెట్టినట్టు ఎర్ర బండలు, ఎక్కడో కింద నీళ్ళు. సెల్ఫీల గుంపు నుంచి దూరంగా పోయి ఒక బండ నీడన కూర్చున్నాను.

గంట గడిచింది. నోరు మూసుకుంది గానీ లోపల రేడియో ఆగలేదు. పోయిన నెల కమిటీ మీటింగులో ఒక పెద్దమనిషి నన్ను నలుగురిలో తీసిపారేశాడు. అప్పుడు తట్టని జవాబులన్నీ ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి తయారవుతున్నాయి, అదీ మంచి మంచివి.

ఐగుప్తు, అంటే ఈజిప్టు, ఎడారిలో ఉండిన తొలినాటి క్రైస్తవ సన్యాసుల్లో అగాథోన్ అని ఒకాయన. మౌనం అలవాటయ్యేదాకా మూడేళ్ళు నోట్లో రాయి పెట్టుకున్నాడని చెబుతారు. సరే చూద్దామని రేగిపండంత గులకరాయి ఒకటి ఏరి, బాటిల్ నీళ్ళతో కడిగి బుగ్గన పెట్టుకున్నాను. మొదట మట్టి రుచి, తర్వాత నోరంతా ఊట. కాసేపటికి ఒక వింత తెలిసింది. లోపల జవాబు తయారైనప్పుడల్లా నాలుక కదిలి రాయికి తగులుతోంది. మనసులో అనుకునే మాటకి కూడా నాలుక కదులుతుందని అప్పటిదాకా నాకు తెలీదు. తగిలినప్పుడల్లా ఆ మాట అక్కడికక్కడే వదిలేశాను. పది దాటాక లెక్కపెట్టడం మానేశాను. మధ్యాహ్నానికి తగలడం తగ్గింది. దేవుడు నాతో ఏమైనా అన్నాడా అంటే, లేదు. నా గోల మాత్రం కొంత తగ్గింది.

ఎండ వాలుతుండగా మేకల్ని తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. "యా ఊరు నాయనా మీది?" అన్నాడు. నోటి మీద చెయ్యి పెట్టి తల ఊపాను. బైబిల్లో మాట పడిపోయిన జెకర్యాకి రాయడానికి పలకన్నా ఇచ్చారు, నా దగ్గర అదీ లేదు.

"అయ్యో, మాట రాదా!" అంటూ పక్కనే కూలబడ్డాడు. చెవుడు కూడా ఉందనుకున్నాడేమో, గట్టిగా అరిచి చెప్పడం మొదలుపెట్టాడు. కొడుకు కువైట్ పోయి నాలుగేళ్ళయిందంట. డబ్బులొస్తాయి, ఫోను రాదు. "నీకు చెప్తే భయంల్యా, యవురికీ చెప్పలేవు" అన్నాడు. వేరే రోజయితే మధ్యలోనే అందుకుని నాలుగు సలహాలు, ఒక వాక్యం చెప్పేసేవాణ్ణి. రాయి ఉంది కాబట్టి విన్నాను. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించేశాడు. చివర్లో కాసేపు ఇద్దరం గండిలోకి చూస్తూ కూర్చున్నాం. మేకలు దూరం పోతుంటే లేచి పోయాడు.

ఆరు దాటాక ఆటో వచ్చింది. "ఎట్లుంది సార్ కోట?" అన్నాడు డ్రైవరు. రాయి తీసి జేబులో వేసుకుని, "బాగుంది" అన్నాను. గొంతు బొంగురుగా వచ్చింది.

వెనక నుంచి "అబ్బబ్బా, మాటొచ్చె గదా!" అని కేక. చూస్తే మేకల పెద్దాయన, కర్ర గాల్లోకెత్తి నిలబడున్నాడు. సంతోషమో కోపమో తెలియలేదు. ఏం చెప్పాలో తోచక మళ్ళీ చేతులే ఊపాను.