పాత మానిటర్‌కి కొత్త కార్డు

నా గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను చాన్నాళ్ళుగా గరగరమంటూ ఉండేది. పోయిన వారం అది కూడా మానేసింది. కార్డు వేడెక్కడం, స్క్రీన్ మీద చారలు రావడం, కంప్యూటర్ ఆగిపోవడం. సరిగ్గా అప్పుడే తమ్ముడు తన కంప్యూటర్‌కి ఇంకా పెద్ద కార్డు వేసుకున్నాడు కాబట్టి, వాడు తీసేసింది నా చేతికొచ్చింది. వాడికి పాతది, నాకు కొత్తది. మానిటర్ మాత్రం మార్చలేదు. పిక్చర్ ట్యూబున్న 17 అంగుళాల లావుపాటిది. దాని కేబుల్ కూడా దానితోనే పుట్టింది, ఊడదీసి ఇంకోటి పెట్టే వీల్లేదు. చివర నీలం రంగు వీజీఏ ప్లగ్గు, పాత మానిటర్లకి బొమ్మ వెళ్ళే దారి అదే.

"ఇంకా దీన్నే పట్టుకుని వేలాడుతున్నావేంటక్కా?" అన్నాడు, కార్డు పెట్టె కింద పెడుతూ.

వాడు ఎన్నిసార్లు అడిగినా నా జవాబు మారదు. నేను ఆడేవన్నీ 640×480, 800×600 కాలం నాటి గేములు. ఎల్‌సీడీలో చుక్కలు ముందే లెక్కగట్టి ఉంటాయి. అంతకన్నా చిన్న బొమ్మ పంపితే సాగదీసి చూపిస్తుంది, అంచులు అలుక్కుపోతాయి. ట్యూబుకి ఆ పేచీ లేదు, దాని పరిధిలో ఉంటే చాలు, ఎన్ని గీతలు గీయమంటే అన్ని గీస్తుంది. పైగా తెర మీద ఏదైనా పరిగెత్తినప్పుడు మసకబారదు. ఒక్కో చోటా వెలుగు ఇలా మెరిసి అలా ఆరిపోతుంది, ఎల్‌సీడీలో లాగా తర్వాతి ఫ్రేము వచ్చేదాకా నిలబడి ఉండదు. ఇంత చెప్పినా వాడు బరువు దగ్గరే ఆగుతాడు. బరువు సంగతి నిజమే, కాదనను. పారేద్దామన్నా తేలిక కాదు, ఆ గాజులో సీసం ఉంటుంది, మామూలు చెత్తలో వెయ్యకూడదు.

ఇవాళ ఇద్దరికీ తీరిక దొరికింది, కూర్చున్నాం. కార్డు వెనక మానిటర్ తగిలించే సాకెట్లు: ఒక హెచ్‌డీఎంఐ, మూడు డిస్‌ప్లేపోర్టులు, ఒక వెడల్పాటి తెల్ల డీవీఐ. డీవీఐని చూడగానే వాడి మొహం వెలిగింది. పాత కార్డుతో పాటు వచ్చిన అడాప్టర్ ఒకటి నా డ్రాయర్లో ఉందని వాడికి తెలుసు, ఒకవైపు డీవీఐ, ఇంకోవైపు వీజీఏ. తెచ్చి గుచ్చబోయాడు. పోలేదు. తిప్పి పెట్టాడు. అలా అసలే పోదు.

ఫోన్ లైటు వేసి చూపించాను. సాకెట్లో మూడు వరసలు, వరసకి ఎనిమిది చొప్పున 24 రంధ్రాలు, ఆ పక్కన అడ్డంగా ఒక చీలిక. డీవీఐ-ఐ అనే రకంలో ఆ చీలికకి పైన రెండు, కింద రెండు, ఇంకో నాలుగు రంధ్రాలుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, అడ్డగీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సింక్, ఈ నాలుగూ అనలాగ్‌గా, అంటే అంకెలుగా కాక వోల్టేజీగా, వెళ్ళేది వాటిలోంచే. ఈ కార్డుది డీవీఐ-డీ. ఆ నాలుగు రంధ్రాల చోట ఉత్త ప్లాస్టిక్. అడాప్టర్‌కి మాత్రం ఆ నాలుగు పిన్నులూ పొడుచుకుని ఉన్నాయి, అవే అడ్డం తగులుతున్నాయి.

"కటింగ్ ప్లయర్‌తో ఆ నాలుగూ తుంచేస్తే దూరుతుందిగా?"

దూరుతుందన్న నమ్మకం లేదు, చీలికలో పోవాల్సిన పలక పిన్ను కూడా డీవీఐ-ఐలో డీవీఐ-డీ దానికన్నా వెడల్పు. అలా తుంచి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. ఒకవేళ దూరినా, తెర మీదికి రావాల్సిన మూడు రంగులూ ఆ తుంచిన పిన్నులతో పాటే చెత్తబుట్టలో ఉంటాయి. "ఒరేయ్, ఆ ప్లయర్ అక్కడ పెట్టు" అన్నాను.

చూడ్డానికి చిన్న విషయమే గానీ, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఈ డీవీఐ-వీజీఏ అడాప్టర్ లోపల ఏమీ ఉండదు. ఈ పిన్ను నుంచి ఆ పిన్నుకి తీగ, అంతే. అసలు పని పాత కార్డులో రామ్‌డాక్ అనే భాగం చేసేది. మెమరీలో అంకెలుగా ఉన్న బొమ్మని ఒక్కో చుక్కే చదువుతూ, మూడు రంగులకీ మూడు వోల్టేజీలు తయారుచేసి పంపేది. రంగు అసలు లేకపోతే 0, నిండుగా ఉంటే 0.7 వోల్టులు, మిగతావన్నీ ఆ మధ్యలోనే. నాకు ఈ తెరల మీద కనిపించిన సూర్యాస్తమయాలన్నీ వోల్టు కూడా లేని ఆ సందులోంచి వచ్చినవే. అందుకే ఏ రెండు పెట్టెల్ని కలపాలన్నా ప్లగ్గు పడుతుందా లేదా అన్నది నేను తర్వాత చూస్తాను. అంకెల్ని వోల్టేజీగా మార్చే పని ఎవరు చేస్తున్నారు? ముందు అది తేలాలి. తమ్ముడిచ్చిన కార్డులో ఆ పని చేసేవాళ్ళు లేరు.

"మరి ఎందుకు తీసేశారు? ఉంటే ఏం పోయింది?" అని వాడి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. వీజీఏ 1987లో ఐబీఎం వాళ్ళ పీఎస్/2 కంప్యూటర్లతో వచ్చింది. 1999లో డీవీఐ వచ్చినప్పుడు పాత మానిటర్లని వదిలెయ్యకుండా అదే సాకెట్లో అనలాగ్‌కి కూడా చోటిచ్చారు. 2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ, ఇంకొన్ని కంప్యూటర్, మానిటర్ కంపెనీలు కలిసి 2015కల్లా వీజీఏకి స్వస్తి చెబుతామని ప్రకటించాయి. విడి కార్డుల్లో చూస్తే, ఏఎండీ 2013 నాటి ఆర్9 290 తోనే అనలాగ్ తీసేసింది. ఎన్విడియా 2014లో మొదలైన 900 సిరీస్ దాకా ఉంచి, 2016లో వచ్చిన 10 సిరీస్‌లో మానేసింది. చిప్పులో ఆ కాస్త చోటూ మిగులుతుంది, అడిగేవాళ్ళూ తగ్గిపోయారు. నాలాంటి వాళ్ళ కోసం ప్రతి కార్డులోనూ రామ్‌డాక్ పెట్టమనడం అన్యాయమనే నా అభిప్రాయం. కావలసినవాళ్ళు బయట కొనుక్కోవచ్చు, నేను కొనుక్కున్నాను.

కొనుక్కున్నది హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్. బొటనవేలంత ఉంటుంది. కార్డులో ఉండాల్సిన చిప్పు బయటికొచ్చి వేరు కాపురం పెట్టిందన్నమాట. షాపులో దాని పక్కనే వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది కూడా వేలాడుతూ ఉంటుంది. రెండూ కవలల్లా ఉంటాయి, ఒకదాని పని ఇంకోటి చెయ్యదు. పెట్టె మీద బాణం గుర్తు ఎటు ఉందో చూసి మరీ తీసుకోవాలి. ఇంకో సంగతి, లోపల చిప్పుంది కాబట్టి దానికి కరెంటు కావాలి. హెచ్‌డీఎంఐలో 18వ పిన్ను 5 వోల్టులు ఇస్తుంది గానీ, నియమం ప్రకారం కార్డు కచ్చితంగా ఇవ్వాల్సింది 55 మిల్లీయాంపులే. కొన్ని కన్వర్టర్లకి అది చాలదు, బొమ్మ వస్తూ పోతూ ఉంటుంది. అందుకని పక్కన యూఎస్‌బీ కరెంటు పెట్టుకునే రంధ్రం ఉన్నదాన్నే ఎంచుకున్నాను. డిస్‌ప్లేపోర్ట్ నుంచి మార్చేవి కూడా దొరుకుతాయి. ఆ పోర్టు దానంతటదే ఎక్కువ కరెంటు ఇవ్వగలదు కాబట్టి వీటికి చాలావరకు వేరే తీగ అక్కర్లేదు. షాపులో ఇవాళ అవి లేవు.

మానిటర్ ప్లగ్గు పట్టుకుని తమ్ముడు కేకేశాడు, "అక్కా, పిన్ను విరిగిపోయింది!" మధ్య వరసలో ఒక సందు ఖాళీగా ఉంది. లెక్కపెట్టించాను. పై వరసలో 1 నుంచి 5, మధ్యలో 6 నుంచి 10, కింద 11 నుంచి 15. ఖాళీ ఉన్నది 9 దగ్గర. చాలా కేబుళ్ళలో తయారయ్యేటప్పుడే ఆ పిన్ను పెట్టరు, అది లేకపోయినా బొమ్మకి లోటు లేదు. చూడాల్సినవి 1, 2, 3, అవి వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఎప్పుడైనా తెరంతా పచ్చకామెర్లు వచ్చినట్టు పసుపెక్కితే 3వ పిన్ను వంగిందేమో చూడాలి, నీలం రావట్లేదన్నమాట. తర్వాత 12, 15. తనెవరో, తనకేం చేతనవునో మానిటర్ కంప్యూటర్‌కి చెప్పుకునేది ఆ రెంటి మీదే. ఆ సమాచారం మొత్తం 128 బైట్లు. అన్నీ నిటారుగానే ఉన్నాయి.

అన్నీ బిగించి స్విచ్చు నొక్కితే మానిటర్ ఎప్పటిలాగే ఒక్కసారి 'ధబ్'మని వణికింది. ట్యూబు చుట్టూ ఉన్న తీగచుట్ట లోపలి లోహపు జల్లెడకి పట్టిన అయస్కాంతాన్ని వదిలిస్తుంది, ఆ చప్పుడు దానిది. అలవాటు లేనివాళ్ళు ఏదో పేలిందనుకుంటారు. తమ్ముడు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. కాసేపటికి నల్లటి తెర మీద అక్షరాలు మెల్లగా తేలాయి, ఆ తర్వాత విండోస్. సెట్టింగ్స్‌లో మానిటర్ పేరు సరిగ్గానే కనిపించింది, అంటే 128 బైట్లూ కన్వర్టర్ దాటి కార్డు దాకా చేరాయి.

అయితే బొమ్మ రాగానే పనైపోలేదు. రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకి తెర ఎన్నిసార్లు కొత్తగా గీస్తుందన్న లెక్క, 60 దగ్గర కూర్చుంది. ఎల్‌సీడీకి 60 హెర్ట్జ్ చాలు గానీ ట్యూబు మీద అది తెల్ల పేజీ తెరిస్తే చాలు, కళ్ళలో దడదడలాడుతుంది. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్ళి 1024×768 పెట్టి, రేటు 85కి మార్చాను. తెర ఒక్క క్షణం నల్లబడి, తిరిగొచ్చి, కదలకుండా నిలబడింది. ఎంత హాయో, చూసినవాళ్ళకే తెలుస్తుంది. తమ్ముడు కూడా ఈసారి ఏమీ అనలేదు.

85కి మించి ఎందుకు పెట్టలేదంటే, మానిటర్ మాన్యువల్లో అడ్డగీతల హద్దు సెకనుకి 70 వేలని రాసి ఉంది. 768 గీతలు కనిపించినా, ట్యూబులో గీతలు గీసే ఎలక్ట్రాన్ పుంజం కిందినుంచి మళ్ళీ పైకి వెళ్ళడానికి పట్టే సమయాన్ని కూడా కలిపితే ఈ మోడ్‌లో 808 గీతల లెక్క. 85తో గుణిస్తే 68 వేల 680. హద్దుకి ఇవతలే. అడ్డంగా కూడా అంతే, కనిపించేవి 1024 చుక్కలు, వెనక్కి తిరిగే సమయంతో కలిపి 1376. అన్నీ గుణిస్తే సెకనుకి 9 కోట్ల 45 లక్షల చుక్కలు, అంటే 94.5 మెగాహెర్ట్జ్. 60 హెర్ట్జ్‌లో 1080పీ బొమ్మకి కావాల్సింది 148.5. దాన్ని మోయగల కన్వర్టర్‌కి ఇది పెద్ద బరువేం కాదు. తమ్ముడు 1280×1024 దగ్గర కూడా 85 కావాలని పట్టుబట్టాడు. అది 91 వేల గీతలు. ఆ మోడ్ జాబితాలో కూడా లేదు, బలవంతంగా పంపితే మానిటర్ 'అవుట్ ఆఫ్ రేంజ్' అని రాసి ఊరుకుంటుంది. బాగా పాతవాటికి ఆ మాట చెప్పడం కూడా రాదు, వాటితో ఇలాంటి ప్రయోగాలు చెయ్యకపోవడమే మంచిది.

తర్వాత నలుపు. నల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు, మొత్తానికి బొమ్మ మీద పల్చటి పొగ కమ్మినట్టుంది. బ్రైట్‌నెస్ తగ్గిద్దామని తమ్ముడు మానిటర్ బటన్ల దగ్గరికి వెళ్ళాడు, వద్దన్నాను. హెచ్‌డీఎంఐ టీవీల కోసం పుట్టింది. టీవీ లెక్కలో నలుపు 16, తెలుపు 235. కంప్యూటర్ లెక్కలో 0 నుంచి 255. కార్డు అవతల టీవీ ఉందనుకుని 16నే నలుపుగా పంపుతోంది, కన్వర్టర్ ఆ 16ని ఉన్నదున్నట్టు వోల్టేజీగా మార్చేస్తోంది. కార్డు కంట్రోల్ ప్యానెల్లో డైనమిక్ రేంజ్ అనే చోట లిమిటెడ్ తీసి ఫుల్ పెట్టాను. పొగ పోయింది. కన్వర్టర్లు రంగులు చెడగొడతాయని అనేవాళ్ళలో చాలామంది ఈ ఒక్క సెట్టింగ్ చూసి ఉండరని నా గట్టి నమ్మకం.

అక్షరాల చుట్టూ సన్నగా రంగులు కూడా కనిపించాయి. అది క్లియర్‌టైప్ పని. ఎల్‌సీడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు పక్కపక్కనే ఉంటాయన్న లెక్కతో అది అక్షరాల్ని నునుపు చేస్తుంది. ట్యూబులో ఆ అమరిక లేదు. ఆపేశాను.

వీటన్నిటికన్నా చిరాకు పెట్టింది బరువు. వీజీఏకి రెండు పక్కలా స్క్రూలుంటాయి, బిగిస్తే పట్టు పడుతుంది. హెచ్‌డీఎంఐకి అవి లేవు, లోపలికి నెట్టడమే. ఇంత లావు కేబుల్ ఆ బొటనవేలంత కన్వర్టర్‌కి వేలాడుతుంటే సాకెట్ కిందికి వంగుతోంది. టేబుల్ కదిలితే బొమ్మ పోతోంది. చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్ తీగ మధ్యలో పెట్టి, కన్వర్టర్‌ని క్యాబినెట్ మీద పడుకోబెట్టి, కేబుల్‌ని జిప్ టైతో టేబుల్ కాలికి కట్టాను. ఇప్పుడు కార్డు మీద బరువు లేదు.

ఇక గేము. 640×480, 60 హెర్ట్జ్‌కి కావాల్సిన క్లాకు, అంటే చుక్కలు వెళ్ళే వేగం, 25.175 మెగాహెర్ట్జ్. 1987లో వీజీఏతో వచ్చిన అంకె అదే. హెచ్‌డీఎంఐ తీగ మీద నడవగల అతి తక్కువ క్లాకు 25. ఆ కాస్త తేడాతో గట్టెక్కింది. గేము తెరుచుకుంది, గోడల మీద ఇటుకలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి, పరిగెడుతున్నా అలుక్కుపోవట్లేదు.

"అక్కా, సౌండ్ రావట్లేదు!"

హెచ్‌డీఎంఐలో శబ్దం కూడా వెళ్తుంది. కన్వర్టర్‌కి హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది కాబట్టి విండోస్ ఇక నుంచి పాటలన్నీ అక్కడే వింటామని తీర్మానించుకుంది. కింద మూల స్పీకర్ గుర్తు నొక్కి, జాబితాలో పాత స్పీకర్లు ఎంచాను. తుపాకీ మోత ఇల్లంతా దద్దరిల్లేలా మొదలైంది. మౌసు అప్పటికే తమ్ముడి చేతిలో ఉంది.