ఏఎన్‌ఎమ్మా, జీఎన్‌ఎమ్మా, బీఎస్సీనా: విశాఖలో నర్సింగ్ కోర్సుకి మేం వేసిన లెక్క

మా అక్క కూతురు ఇంటర్ బైపీసీ అయ్యాక నర్సింగే చదువుతానంది. ఇంట్లో ఆసుపత్రి వార్డులో డ్యూటీ చేసేదాన్ని నేనే కాబట్టి కోర్సు, కాలేజీ చూసే పని నాకు అప్పజెప్పారు. ఏ వరసలో చూశానో, లెక్క ఎలా కట్టానో ఇక్కడ రాస్తున్నాను. ఇదే పనిలో ఉన్న అమ్మానాన్నలకి పనికొస్తుంది.

అందరూ మొదట అడిగేది కోర్సు ఎన్నేళ్లు, ఏడాదికి ఫీజెంత అని. నేను అంతకంటే ముందు చూసింది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గురించి, అంటే నర్సుగా పని చెయ్యడానికి కౌన్సిల్ ఇచ్చే నంబరు గురించి. ఆ నంబరు ఏ నెలలో చేతికొస్తుంది, ఏ హోదాతో వస్తుంది? ఆసుపత్రి నర్సు జీతం ఇచ్చేది ఆ నంబరు చూసే. పరీక్ష పాసైన రోజుకీ, నంబరు వచ్చిన రోజుకీ మధ్య నెలలు గడిచిపోతే ఆ నెలల హాస్టల్, తిండి, వడ్డీ అన్నీ మన ఖాతాలోనే పడతాయి.

ఈ ప్రశ్న వేసుకోగానే సగం కోర్సుల ప్రకటన బోర్డులు పక్కకి పోతాయి. ఆరు నెలల్లో, ఏడాదిలో నర్సింగ్ అని చెప్పే హోమ్ నర్సింగ్, బెడ్‌సైడ్ అసిస్టెంట్, ప్రాక్టికల్ నర్సింగ్ కోర్సులకి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాదు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ శిక్షణ మంచిదే, రోగిని చూసుకునే పని నేర్పుతుంది, తొందరగా ఉద్యోగం దొరుకుతుంది. కానీ దాంతో స్టాఫ్ నర్సు పోస్టుకి దరఖాస్తు చెయ్యలేం, తర్వాత నర్సింగ్‌లో చేరితే ఆ ఏడాది తగ్గించరు కూడా. ఇంటర్నెట్‌లో కనిపించే ఏడాది ప్రాక్టికల్ నర్సింగ్ చదువు అమెరికాది. అక్కడ అది వేరే లైసెన్సు, దాని పరీక్ష ఎన్‌క్లెక్స్-పీఎన్. ఇక్కడ ఏడాది సర్టిఫికెట్ తీసుకుంటే అక్కడ ఆ పని ఇస్తారని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

మిగిలేవి మూడు. ఏఎన్‌ఎం (ఆక్సిలరీ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) రెండేళ్లు, అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రంలో దీన్ని ఎంపీహెచ్‌ఏ (మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్) ఫీమేల్ అనే పేరుతో నోటిఫై చేస్తారు. ఇంటర్ ఏ గ్రూపైనా సరే, అమ్మాయిలకే. జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) మూడేళ్లు. ఇంతకుముందు మూడున్నర ఉండేది కాబట్టి పాత బ్యాచ్‌ల వాళ్లు చెప్పే లెక్క ఇప్పటికి సరిపోదు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఇంగ్లిష్‌తో 40 శాతం ఉండాలి, బైపీసీకి ప్రాధాన్యం. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. దీనికి మాత్రం బైపీసీ ఉండాలి, 45 శాతం, ఎస్సీ ఎస్టీలకి 40. ఏ కోర్సులో చేరాలన్నా 17 ఏళ్లు నిండాలి.

రిజిస్ట్రేషన్ హోదా ఇక్కడే తేడా పడుతుంది. ఏఎన్‌ఎంకి వచ్చేది సహాయ నర్సు-మంత్రసాని హోదా. జీఎన్‌ఎం, బీఎస్సీ రెంటికీ ఒకటే: రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్. వార్డులో ఇద్దరూ స్టాఫ్ నర్సులే.

తక్కువ ఖర్చని ఏఎన్‌ఎంలో చేర్చి, తర్వాత జీఎన్‌ఎం చేయిద్దాం అనే మాట చాలా ఇళ్లలో వింటాను. చేయించొచ్చు, కానీ ఏఎన్‌ఎం చేసినందుకు జీఎన్‌ఎంలో ఒక్క నెల కూడా తగ్గదు, మళ్లీ మొదటి ఏడాది నుంచే. రెండూ కలిపి ఐదేళ్లు. అదే ఐదేళ్లలో బీఎస్సీ పూర్తయి ఒక ఏడాది జీతం కూడా వచ్చేస్తుంది. అందుకే ఏఎన్‌ఎంని మెట్టుగా అనుకోకూడదు. సచివాలయంలో ఏఎన్‌ఎం ఉద్యోగమో, సబ్‌సెంటర్ పనో కావాలి, సొంత ఊరి దగ్గరే ఉండాలి అనుకునే పిల్లకి అది చక్కటి కోర్సు. గడప గడపకీ వెళ్లి టీకాలు, గర్భిణుల నమోదు చూడటం ఇష్టం ఉండాలి. ఆ ఇష్టం ఉన్నవాళ్లు రెండేళ్లలో స్థిరపడతారు.

జీఎన్‌ఎం సంగతి వేరు. తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు చేస్తే డిగ్రీ వస్తుంది. రెగ్యులర్‌గా చేస్తే ఆ రెండేళ్లూ జీతం ఆగిపోతుంది. ఉద్యోగంలో ఉంటూ ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా చేస్తే కనీసం మూడేళ్లు, కానీ జీతం ఆగదు. ఎయిమ్స్‌ల స్టాఫ్ నర్సు పరీక్ష నార్సెట్‌కి బీఎస్సీ వాళ్లు నేరుగా రాయొచ్చు. జీఎన్‌ఎం అయితే 50 పడకలకి తగ్గని ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు. మొదటి ఉద్యోగం చిన్న నర్సింగ్ హోంలో చేస్తే ఆ అనుభవం ఇక్కడ లెక్కకి రాదు. ఈ సంగతి కాలేజీలో చేరేటప్పుడే తెలిసి ఉండాలి.

ఇక డబ్బు. అంకెలు కాలేజీని బట్టి, కోటాని బట్టి మారతాయి కాబట్టి లెక్క కట్టే పద్ధతి చెబుతాను. ఏడాది ఫీజు 60,000, హాస్టల్ మెస్‌తో కలిపి నెలకి 6,000 అనుకోండి. మూడేళ్లకి ఫీజు 1,80,000. హాస్టల్ 36 నెలలకి 2,16,000. ఫీజు కంటే హాస్టలే ఎక్కువైంది చూడండి. ఇంకో కాలేజీ ఏడాదికి 15,000 తక్కువ తీసుకుంటూ హాస్టల్ తప్పనిసరి చేసిందంటే, ఇంటి నుంచి వెళ్లొచ్చే వీలున్న పిల్లకి మూడేళ్లలో ఫీజులో మిగిలేది 45,000, హాస్టల్‌కి పోయేది 2,16,000. అందుకే ప్రతి కాలేజీలో ముందు అడిగింది డే స్కాలర్‌ని తీసుకుంటారా అని. నర్సింగ్ కాలేజీల్లో చాలా చోట్ల తీసుకోరు.

ఫీజు కాగితంలో రాయనివి కొన్ని ఉంటాయి. యూనిఫాం జతలు, తెల్ల బూట్లు, రికార్డు పుస్తకాలు, ప్రొసీజర్ బుక్, చేసిన కాన్పులు రాసే కేస్ బుక్, పరీక్ష ఫీజు, వేరే ఆసుపత్రిలో పోస్టింగ్‌కి (వార్డు శిక్షణకి) కట్టే క్లినికల్ ఫీజు, అక్కడికి బస్సు. ఇవన్నీ ఏడాదివారీగా లెటర్‌హెడ్ మీద రాసిమ్మని అడిగాను. బ్యాంకుకి ఎలాగూ ఆ కాగితమే కావాలి కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. రాసివ్వం, నోటితో చెబుతాం అన్న చోట నేను ఆగలేదు.

రాష్ట్ర బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ల్లో కూడా. దీంతో గాజువాక పిల్లకో, పెందుర్తి పిల్లకో డే స్కాలర్ ఖర్చు బాగా తగ్గింది. మిగిలేది టైము. సర్కారు ఆసుపత్రిలో షిఫ్టు ఉదయం 8కి మారుతుంది. సంగివలసలోనో రుషికొండలోనో ఉన్న కాలేజీకి నగరం అవతలి కొస నుంచి రోజూ వెళ్లి, 8 లోపు యూనిఫాంలో వార్డులో నిలబడాలంటే ఎన్నింటికి బయల్దేరాలో ఒకసారి బస్సెక్కి చూసుకోవాలి. అదీ ఆదివారం కాదు, పనిరోజున.

ఇప్పుడు నేను ఎక్కువ సేపు ఆలోచించిన విషయం: పడకలు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం కాలేజీకి 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలి, ఒక విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలి. 100 పడకల్లో 75 నిండాయనుకుంటే అక్కడ ఒకేసారి నేర్చుకోగలిగేది 25 మంది. ఒకే పూట 40 మందిని దింపారంటే 120 మంది రోగులు కావాలి. లేకపోతే ఒక బీపీ చూడటానికి నలుగురు పిల్లలు ఒకే మంచం చుట్టూ నిలబడతారు, రికార్డు మాత్రం నలుగురిదీ నిండుతుంది. అందుకని సొంత ఆసుపత్రితో పాటు అనుబంధ ఆసుపత్రులు ఏవో, ఏ ఏడాదిలో ఎన్ని వారాలు పంపుతారో అడగాలి.

ఈ విషయంలో విశాఖలో చదవడం నిజంగా అదృష్టం. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రిలో) రోగుల కొరత ఉండదు. కాన్పులకి ఘోషాసుపత్రి ఉంది, సైకియాట్రీకి చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల, హనుమంతవాకలో విమ్స్ ప్రభుత్వ ఆసుపత్రి, అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. కాలేజీకి వీటిలో వేటితో అనుమతి ఉందో ఈ ఏడాది ఉత్తర్వు కాగితం చూపించమనాలి. మంచి ఆసుపత్రి పేరు బ్రోచర్‌లో ఉన్నంత మాత్రాన పోస్టింగ్ ఉన్నట్టు కాదు. నేనైతే పొద్దున్న షిఫ్టు మారే వేళకి వార్డు దగ్గర నిలబడి, యూనిఫాం చూసి ఆ కాలేజీ రెండో ఏడాది పిల్లలని అడిగాను: కాన్పులు స్వయంగా చేశారా, మేడం పక్కన ఉంటారా, కేస్ బుక్ ఎలా నిండుతుంది? ప్రిన్సిపాల్ గది కంటే అక్కడే నిజం దొరుకుతుంది. కాన్పులు తక్కువున్న ఆసుపత్రిలో కేస్ బుక్ నిండక చివరి నెలల్లో పిల్లలు ఊళ్లు తిరుగుతారు, లేదా చెయ్యని కేసులు రాస్తారు. ఆ రెండోది రేపు ఒక తల్లి ప్రాణం మీదికి వస్తుంది.

కోర్సు గడువు ఎందుకు పెరుగుతుందో కూడా చెప్పాలి. థియరీకి 80 శాతం హాజరు చాలు. ప్రాక్టికల్‌కి మాత్రం నూరు శాతం పూర్తి చెయ్యాలి. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లయినా పోయిన క్లినికల్ రోజులు తర్వాత చేసి తీరాలి, లేకపోతే సర్టిఫికెట్ ఆగుతుంది. పాస్ మార్కు కూడా 50 శాతం, ఇంటర్ లాగా 35 కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ దగ్గరే తడబడతారు. ఆ సబ్జెక్టు సప్లిమెంటరీకి పోతే వెనక పడ్డ నెలలు చివర్లో కనిపిస్తాయి: బ్యాచ్ అంతా ఉద్యోగాల్లో చేరుతుంటే ఈ పిల్ల హాస్టల్ కడుతూ కూర్చుంటుంది. కాలేజీని అడగాల్సిన ముఖ్యమైన అంకె ఇదే: పోయిన బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమందికి ఒకేసారి గడువులో రిజిస్ట్రేషన్ వచ్చింది?

గుర్తింపు కాగితాలు ఏ ఏడాదికి ఆ ఏడాదివే చూడాలి. కౌన్సిల్ గుర్తింపు, సీట్ల సంఖ్య, బీఎస్సీ అయితే విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం. 40 సీట్లకి అనుమతి ఉన్న చోట 50 మందిని చేర్చుకుంటే ఆ పైన ఉన్న పదిమందికి రిజిస్ట్రేషన్ ఇబ్బందే. బెంగళూరులో సీటు ఇప్పిస్తామని వచ్చే ఏజెంట్ల మాట వినేముందు ఇవే కాగితాలు అడగండి. వేరే రాష్ట్రంలో చదివితే అక్కడ రిజిస్టరై, తర్వాత మన కౌన్సిల్‌కి మార్పించుకోవాలి, దానికీ నెలలు పడుతుంది. వయసు పరిమితి ఉన్న నోటిఫికేషన్ ఆ నెలల్లో వచ్చి వెళ్లిపోవచ్చు.

కన్వీనర్ సీటుకీ మేనేజ్‌మెంట్ సీటుకీ తేడా ఫీజులో ఒక్కటే కాదు. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీటుకే, అదీ ఆదాయ పరిమితికి లోబడి, 75 శాతం హాజరుతో. మేనేజ్‌మెంట్ సీటులో చేర్చి స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం అని ఎవరన్నా చెబితే రాతలో ఇమ్మనండి. బీఎస్సీకి ఎంట్రన్స్ ర్యాంకు ఏది అడుగుతున్నారో ఆ ఏడాది యూనివర్సిటీ నోటిఫికేషన్‌లోనే చూడాలి, పోయినేడు చేరిన వాళ్లని అడిగితే తప్పు దారి పడతాం. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు వేసవిలోనే సచివాలయం నుంచి తెచ్చి పెట్టుకోండి. పదో తరగతి మెమోలో పేరు ఎలా ఉందో ఆధార్‌లో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఇంకో చోట పొడి అక్షరంగా ఉంటే రిజిస్ట్రేషన్ దగ్గర, పాస్‌పోర్ట్ దగ్గర రెండుసార్లు ఆగుతుంది. ఒరిజినల్స్ కాలేజీకి ఇచ్చేటప్పుడు ఏమేమి ఇచ్చామో రసీదు తీసుకోవాలి, మధ్యలో మానేస్తే మిగతా ఏళ్ల ఫీజు అడుగుతారా అని అప్పుడే అడగాలి.

అప్పు తీసుకునేవాళ్లు ఈ లెక్క కట్టుకోండి. విద్యారుణంలో 4 లక్షల వరకూ తాకట్టు, మార్జిన్ (మన వాటా డబ్బు) అడగరు. కోర్సు అయ్యాక ఏడాది వరకూ వాయిదా కట్టక్కర్లేదు, కానీ వడ్డీ పడుతూనే ఉంటుంది. ఏడాదికి లక్ష చొప్పున, 10 శాతం బారువడ్డీ అనుకుంటే మూడేళ్ల కోర్సులో మొదటి లక్షకి 4 ఏళ్లు, రెండో దానికి 3, మూడో దానికి 2, మొత్తం 90,000 వడ్డీ. నాలుగేళ్ల కోర్సుకి అదే పద్ధతిలో 1,40,000. చదువుతుండగానే నెలనెలా వడ్డీ మాత్రం కడుతూ పోతే చాలా బ్యాంకులు రేటులో ఒక శాతం తగ్గిస్తాయి.

ఇవన్నీ పక్కపక్కన పెట్టాక మాకు తేలింది ఇది. బీఎస్సీలో కన్వీనర్ సీటు వస్తే రెండో ఆలోచన లేదు, ఆ నాలుగో ఏడాదికి విలువ ఉంది. బీఎస్సీ మేనేజ్‌మెంట్‌లోనే వచ్చి, దానికి అప్పు చెయ్యాల్సి వస్తే జీఎన్‌ఎం మేలు. అక్క కూతురి ర్యాంకుకి బీఎస్సీ కన్వీనర్ సీటు రాలేదు. నగరంలోనే, డే స్కాలర్‌ని ఒప్పుకున్న జీఎన్‌ఎంలో చేర్చాం, మొదటి ఉద్యోగం పెద్ద ఆసుపత్రిలోనే చూసుకోవాలని అప్పుడే అనుకున్నాం.

విదేశాల ఆలోచన ఉన్నవాళ్లకి ఒక మాట. అమెరికా నర్సు పరీక్షకి కాగితాలు పరిశీలించేటప్పుడు మెడికల్, సర్జికల్, ప్రసూతి, పిల్లలు, సైకియాట్రీ ఒక్కొక్కదానికి థియరీ, క్లినికల్ గంటలు విడివిడిగా చూస్తారు. కాలేజీ పదేళ్లకి మూతపడినా, రికార్డు పోయినా ఆ గంటలు మళ్లీ ఎవరూ రాసివ్వలేరు. అందుకని ఏడాది పూర్తయిన ప్రతిసారీ మార్కుల మెమోతో పాటు క్లినికల్ గంటల ట్రాన్‌స్క్రిప్ట్ సంతకం, ముద్రతో తీసుకుని ఇంట్లో పెట్టుకోవాలి. చివరి ఫలితాలు రాగానే ప్రొవిజనల్ సర్టిఫికెట్, మెమోలు, పదో తరగతి మెమో, ఫొటోలు పట్టుకుని ఆ వారంలోనే కౌన్సిల్‌కి రిజిస్ట్రేషన్ దరఖాస్తు పెట్టాలి. కాలేజీ బ్యాచ్ మొత్తానికి ఒకేసారి పంపుతుందిలే అని ఆగితే, బ్యాచ్‌లో ఒక పిల్ల కాగితం తక్కువైనా మిగతా వాళ్లందరూ ఆగిపోతారు.