చుక్కాని మీద కాలు: మాల్దీవుల కార్టూన్ల పని ఎంతవరకు వచ్చింది

జ్యేష్ఠం

మాల్దీవుల విదేశాంగం మీద కార్టూన్లు గీస్తున్నానంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు, జాలిపడతారు. మన రాజకీయాలే రోజుకు ఒక పుస్తకానికి సరిపడా ఉండగా, అయిదు లక్షల చిల్లర జనాభా ఉన్న దేశం మీద పడ్డావెందుకని అడుగుతారు. మన నాయకుల బొమ్మలు గీస్తే మా వీధిలో సగం మంది నాతో మాట్లాడటం మానేస్తారు. ఏ సగమన్నది బొమ్మను బట్టి ఉంటుంది. మాల్దీవుల మీద గీస్తే ఎవరికీ కోపం రాదు. పైగా పెద్దవాళ్ళ మధ్య చిన్నవాడు ఎలా నెట్టుకొస్తాడన్న కథ మొత్తం అందులో ఉంది.

ఒక్కో కార్టూన్‌కు ఒక్కో కార్డు. మొదటి కార్డుకు విషయం వెతుక్కోనక్కరలేకపోయింది. 1988 నవంబరు 3న అబ్దుల్లా లుతూఫీ అనే వ్యాపారి శ్రీలంక తమిళ సాయుధ ముఠా ఒకదాన్ని కిరాయికి తెచ్చి రాజధాని మాలేలో అధ్యక్షుడు గయూమ్ ప్రభుత్వాన్ని కూల్చబోయాడు. గయూమ్ సాయం అడిగాడు. ఆ రాత్రికే ఆగ్రా నుంచి మన పారాట్రూపర్లు హుల్హులే విమానాశ్రయంలో దిగారు. బందీలతో సరుకు ఓడలో పారిపోతున్న ముఠాను సముద్రంలో వెంటాడి పట్టుకున్న మన యుద్ధనౌకల్లో ఒకటి ఐఎన్‌ఎస్ గోదావరి. 1983లో నౌకాదళంలో చేరి 2015లో విరమించిన ఓడ అది. కార్టూన్‌లో ఓడ లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు, మధ్యలో పేపరు. "గోదావరి మాల్దీవుల దాకా వెళ్ళిందట." "ఈసారి వరద అంత పెద్దదా?" మా ఇంట్లో ఈ కార్డుకు మాత్రమే నవ్వారు.

ఆషాఢం, శ్రావణం

ఈ రెండు నెలలూ ఒక్క ప్రశ్నతోనే గడిచాయి: మాల్దీవులను మనిషిగా గీస్తే ఎవరిలా గీయాలి?

పాత అమరిక ఒకటి ఉంది. 1878లో లండన్ పత్రిక పంచ్‌లో అఫ్గాన్ అమీరు షేర్ అలీని రష్యా ఎలుగుబంటికీ బ్రిటిష్ సింహానికీ మధ్య నిలబెట్టి గీశారు. ఆ బొమ్మ అందమైనదే. చిక్కల్లా ఏమిటంటే, నూట యాభై ఏళ్ళు కావస్తున్నా మనవాళ్ళు దాన్నే తిరగగీస్తున్నారు. మృగాల పేర్లే మారాయి, ఏనుగు ఒకటి, డ్రాగన్ ఒకటి. మధ్యలో చిన్న దేశం కళ్ళు పెద్దవి చేసుకుని వణుకుతూ ఉంటుంది, లేదంటే ఇద్దరు వరుల మధ్య పెళ్ళికూతురై సిగ్గుపడుతూ ఉంటుంది. రెండింట్లోనూ దానికి నోరు లేదు. అసలు మాల్దీవుల చరిత్రలో నోరు లేని కాలం ఏదో నాకు కనిపించలేదు. మధ్యయుగంలో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడ కాజీగా, అంటే న్యాయాధికారిగా, పని చేసిన రోజుల్లోనే వాళ్ళు తమ గవ్వలను బెంగాలుకు పంపి బియ్యం తెచ్చుకునేవాళ్ళు. తీరాన ఊరికే దొరికే గవ్వలను డబ్బుగా చెలామణి చేయించినవాణ్ణి అమాయకుడిగా గీయడం ఎలా?

అందుకని నియమాలు పెట్టుకున్నాను. ఏనుగు లేదు, డ్రాగన్ లేదు, పాండా కూడా లేదు. పెద్ద దేశాలు గడి అంచుల్లోంచి లోపలికి వచ్చే చేతులు మాత్రమే. ఎడమ పక్క మన చేతికి ఖద్దరు చొక్కా, కుడి పక్క చైనా చేతికి కోటు. ఆ చేతులు ఏం పట్టుకుని వచ్చాయన్నదే వార్త. మాల్దీవులేమో ముందు వరసలో, గడిలో సగం ఎత్తున. చిన్న దేశమని చిన్నగా గీస్తే చూసేవాడికి ముందే జాలి పుడుతుంది, ఆ తరువాత వ్యాఖ్య ఎంత రాసినా పనిచేయదు.

ఇక మనిషి. వాళ్ళ దోణీ పడవల ఫోటోలు చూస్తుంటే సరంగు దొరికాడు. వెనక అమరం మీద నిలబడి, చుక్కాని కర్రను కాలితో తోస్తూ పడవ నడుపుతున్నాడు. రెండు చేతులూ ఖాళీ! ఆ ఒక్క భంగిమతో వరస మొత్తం కుదిరింది. కాలు చుక్కాని మీద ఉంటుంది, చేతులు మాత్రం ఎవరు ఏది ఇచ్చినా అందుకుంటూ ఉంటాయి. పడవ ఎటు పోతుందో చేతుల్ని చూస్తే తెలియదు, కాలిని చూడాలి. గడిలో నాకు అన్నిటికంటే శ్రమ పెట్టిందీ ఆ పాదమే. బొటనవేలు కర్రకు ఇవతల, మిగతా నాలుగు అవతల ఉంటేనే పట్టు కనిపిస్తుంది. అయిదు వేళ్ళూ ఒకే పక్కన పెడితే కర్రను తన్నుతున్నట్టుంటుంది.

ఈ తీరు గోదావరి లంకల్లో తిరిగినవాళ్ళకు కొత్త కాదు. వంతెన లేని లంకలో దాటించేవాడు ఒక్కడే అయితే అతను చెప్పిందే కిరాయి. రెండో పడవ వచ్చిన రోజు నుంచి లంకవాడి గొంతు మారుతుంది. మొదటి పడవవాడు దానికి విశ్వాసం లేకపోవడమని పేరు పెడతాడు. 2023 సెప్టెంబరులో ముయిజ్జూ మాల్దీవుల అధ్యక్షుడిగా గెలిచాక మన టీవీల్లో విన్న మాటలు దాదాపు అవే. కొత్త అధ్యక్షుడు మొదట ఢిల్లీ రావడం ఆనవాయితీ అయితే, అతను తుర్కియే వెళ్ళాడు, 2024 జనవరిలో చైనా వెళ్ళాడు.

వంతెనల కార్డు ఇక్కడే పుట్టింది. మాలేనూ హుల్హులేనూ కలుపుతూ చైనా సాయంతో కట్టిన వంతెన 2018 ఆగస్టులో తెరిచారు. 2020లో మనం, మాలేను పడమటి దీవులతో కలిపే 6.74 కిలోమీటర్ల వంతెనల దారికి గ్రాంటూ అప్పూ కలిపి 50 కోట్ల డాలర్లు ప్రకటించాం. గడిలో ఎడమ చేతిలో ఒక వంతెన, కుడి చేతిలో ఒక వంతెన, మధ్య సరంగు. కింద మూలన మన లంక పెద్దాయన గొడుగు మీద గడ్డం ఆనించి చూస్తూ, "పోటీకి మాకూ ఎవరైనా ఉంటే బాగుండును" అంటాడు. ఇది విదేశాంగమో స్థానికమో తేలలేదు కానీ వరసలో ఇప్పటికి నాకు బాగా నచ్చినది ఇదే.

కొబ్బరిచెట్టు సంగతి వేరే. వాళ్ళ రాజముద్రలోనే కొబ్బరిచెట్టు ఉంది కాబట్టి ప్రతి గడిలో ఒకటి రావాలి. కోనసీమలో కొబ్బరిచెట్టు గీసి చూపించడానికి ధైర్యం కావాలి. మా తోటలో దింపు తీసే ఆయన బొమ్మ చూసి, "మాస్టారూ, సముద్రం ఒడ్డు చెట్టు ఇంత నిటారుగా ఉండదండీ. నీళ్ళ వైపు వంగి, చివర మళ్ళీ పైకి లేస్తుందండీ" అన్నారు. ఇప్పుడు మాను అలాగే వంచుతున్నాను. ఆకులన్నీ గాలివాలుకు ఒక పక్కకే పోతాయి, ఎదురు పక్క రెండు విరిగి వేలాడతాయి. ఆకు గీసేటప్పుడు ముందు నడిమి ఈనె ఒక్క గీతలో లాగి, ఈనె నుంచి బయటికి పాళీ విదిలిస్తే ప్రతి రెబ్బా మొదట లావుగా, చివర సన్నగా దానంతటదే వస్తుంది. బయటి నుంచి లోపలికి గీస్తే చీపురు అవుతుంది.

భాద్రపదం

అసలు పోరాటం గాలిలో తేమతో. 180 జీఎస్‌ఎం కార్ట్రిడ్జి కాగితం ఎండాకాలంలో బాగానే పలికింది. గోదావరి ఎర్రనీళ్ళు వచ్చేసరికి అదే కాగితం మీద సిరా పాకి, సన్నగీత అంచున నూగు లేస్తోంది. నునుపైన ఐవరీ కార్డుకు మారాను. కార్డులను ప్లాస్టిక్ సంచిలో, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలతో కలిపి బీరువాలో పెడుతున్నాను. గీసే ముందు కార్డును బల్లదీపం కింద కాసేపు ఉంచితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. సిరా నీళ్ళకు చెదరని నల్ల డ్రాయింగ్ సిరా. ఆరాక దాని మీద లేత బూడిదరంగు పూత వేసినా గీత కదలదు.

ఉప్పుగాలికి పాళీలు రాత్రికి రాత్రి తుప్పు పడతాయి. పని అయ్యాక కడిగి, తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె రాసి దాస్తున్నాను. మళ్ళీ వాడేముందు సబ్బునీళ్ళతో ఆ నూనె పోగొట్టాలి, లేకపోతే సిరా పాళీకి అంటక పూసలు కట్టి జారిపోతుంది. కొత్త పాళీ మీద కూడా తుప్పు పట్టకుండా ఏదో పూత వస్తుంది, దాన్నీ అలాగే కడగాలి. నల్లగా నింపాల్సిన చోట పాళీ జోలికి పోకుండా రెండో నంబరు కుంచె చాలు.

కింద ముసాయిదాకు లేత నీలం పెన్సిల్. స్కాన్ చేశాక కంప్యూటర్‌లో నీలాన్ని తీసేస్తే చెరపకుండానే మాయమవుతుంది. ఐవరీ కార్డు మీద రబ్బరు రుద్దితే నలుపు వెలిసిపోతుంది కాబట్టి ఇదే మేలు. ఫోనుతో ఫోటో తీస్తే అంచు గీతలు విల్లులా వంగుతున్నాయి. జిరాక్స్ కొట్టులో 600 డీపీఐలో స్కాన్ చేయిస్తున్నాను.

అక్షరాల దగ్గర తెలుగువాడికి వేరే లెక్క ఉంది. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు ఒకే ఎత్తున వరసగా కూర్చుంటాయి. మనకు పైన గుడి, మధ్య అక్షరం, కింద వత్తు, మూడు అంతస్తులు. పై వరస వత్తు కింది వరస గుడికి తగలకుండా ఉండాలంటే అక్షరం ఎత్తు 4 మిల్లీమీటర్లయితే వరసకూ వరసకూ 10 అయినా వదలాలి. అందుకే బుడగ ముందు గీయను. మాట రాసి, దాని చుట్టూ బుడగ గీస్తాను. ఫోను తెర మీద బొమ్మ కుదించుకుపోతే ముందుగా పూడిపోయేవి వత్తులే. 'విశ్వాసం' అన్న మాటలో వ వత్తు కడుపు నల్లచుక్క అయిపోయింది. ఇప్పుడు వత్తుల కడుపు కావాలనే కొంచెం వెడల్పుగా తెరుస్తున్నాను. బాపు చేతిరాత జోలికి మాత్రం పోను. ఈ గోదావరి గట్ల మీద బొమ్మ గీసే ప్రతివాడి చేయీ తనకు తెలియకుండానే అటు తిరుగుతుంది. ఆపుకోవడానికి నేను తలకట్లను కావాలని మొరటుగా గీస్తాను.

గుడ్ల కార్డు

దీనికి విడిగా చోటు ఇవ్వాలి. 2024లో మాల్దీవుల్లోని మన సైనికులు వెళ్ళిపోవాలని ముయిజ్జూ పట్టుబట్టాడు. వంద మందికి లోపే ఉండేవాళ్ళు, మనం ఇచ్చిన రెండు హెలికాప్టర్లూ ఒక డోర్నియర్ విమానమూ నడపడానికి. మే 10 గడువు. విమానాలు అక్కడే ఉన్నాయి, వాటిని చూసుకోవడానికి సైనికుల బదులు మన పౌర నిపుణులు వెళ్ళారు. ఈ గొడవ నడుమ, ఏప్రిల్‌లో, మన ప్రభుత్వం 2024-25కు మాల్దీవులకు నిత్యావసరాల ఎగుమతి కోటా ప్రకటించింది. 1981 ఒప్పందం నుంచి ఉన్న ఏర్పాటే, కానీ అన్నేళ్ళలోకీ అదే పెద్ద కోటా. బియ్యం 1,24,218 టన్నులు. ఉల్లిపాయలు 35,749 టన్నులు. గుడ్లు 42.75 కోట్లు.

గుడ్ల అంకె దగ్గర ఆగిపోయాను. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 5.15 లక్షల మంది. మనిషికి ఏడాదికి 830 వస్తాయి. కోటా అంటే గరిష్ఠ పరిమితి, పంపినవన్నీ అని కాదు, పైగా ఏడాదికి జనాభాకు నాలుగింతల పర్యాటకులు వస్తారు, వాళ్ళకు పొద్దున ఆమ్లెట్ కావాలి. అయినా ఇది కార్టూనిస్టుకు దొరికిన వరం. పత్రికల్లో కత్తులు దూసుకుంటున్న రెండు దేశాల మధ్య గుడ్లు పగలకుండా వెళుతున్నాయి.

గడిలో దోణీ అంచు నుంచి సైనికుడు ట్రంకుపెట్టెతో గట్టు మీదికి దిగుతున్నాడు. ఖద్దరు చేయి గుడ్ల ట్రేలు అందిస్తోంది. సరంగు ఒక చేత్తో వీడ్కోలు చెబుతూ, రెండో చేత్తో ట్రే అందుకుంటూ, "మనుషులు దిగండి, గుడ్లు ఉండనివ్వండి" అంటాడు. ట్రేలో ముప్ఫై గుడ్లూ గీస్తే గడి ఊపిరాడదు. ముందు వరస అయిదే నిండుగా, వెనకవి సగం వంపులు, ఆ వెనకవి చుక్కలు. అట్ట ట్రే గుంటల మధ్య లేచే మొనలు రెండు మూడు కనిపిస్తే చాలు, కన్ను మిగతావి నింపుకుంటుంది. తణుకు దగ్గర కోళ్ళఫారం ఉన్న మా బావగారు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ రేటుకు ఇచ్చారో రాయలేదేం?" అన్నారు.

అదే కోటాలో నది ఇసుక 10 లక్షల టన్నులు కూడా ఉంది. గోదావరి జిల్లాల్లో కూర్చుని ఇసుక మీద కార్టూన్ వేస్తే అది విదేశాంగంగా మిగలదు. మళ్ళీ వీధి సంగతికే వస్తుంది. వదిలేశాను.

పక్కన పెట్టినవి: 2009 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు నషీద్ మంత్రివర్గం సముద్రం అడుగున కూర్చుని జరిపిన సమావేశం. అది జరిగినప్పుడే కార్టూను, మనం కలపడానికి ఏమీ లేదు. 2024 జనవరిలో మన ప్రధానమంత్రి మీద అక్కడి ఉపమంత్రుల నోటిదురుసూ వద్దనుకున్నాను. తిట్లకు బొమ్మ అవసరం లేదు. 2014 డిసెంబరులో మాలే మంచినీటి కర్మాగారం అంటుకుని ఊరంతా నీళ్ళు లేక అల్లాడితే మనమూ చైనా కూడా నీళ్ళు పంపిన సంగతి మాత్రం మాటలు లేని కార్డుగా ఉంచాను: రెండు చేతులు, రెండు బిందెలు, సరంగు రెండూ ఎత్తి తాగుతున్నాడు.

ఇప్పుడు బల్ల మీద

2025 జులైలో మాల్దీవుల 60వ స్వాతంత్ర్య దినానికి మన ప్రధానమంత్రి ముఖ్య అతిథిగా వెళ్ళి 4,850 కోట్ల రూపాయల రుణసదుపాయం ప్రకటించి వచ్చారు. చైనాకూ వాళ్ళు పెద్ద బాకీదారులే. అప్పు అనగానే అందరూ కాలికి గొలుసూ ఇనపగుండూ గీస్తారు. నా సరంగు కాలికి వేరే పని ఉంది కాబట్టి అది కుదరదు. బరువును పడవలో చూపిస్తున్నాను. ఖద్దరు చేయి ఎడమ పక్క ఒక బస్తా వేసింది, కోటు చేయి కుడి పక్క ఒకటి వేసింది. పడవ ఎటూ ఒరగలేదు, చక్కగా తూగింది. నీళ్ళు మాత్రం అంచుకు నాలుగు వేళ్ళ దిగువకు వచ్చాయి. ఆ నాలుగు వేళ్ళనే పెన్సిల్‌లో ఒకసారి మూడు, ఒకసారి అయిదు చేసి చూశాను. మూడైతే మునిగిపోతున్నట్టుంది, అయిదైతే విహారయాత్ర. నాలుగుతో సిరా వేసేస్తాను. జిరాక్స్ కొట్టు సోమవారం తెరుస్తారు, ఆలోగా ఆరాలి.