నెత్తి మీద లైటు

నిన్న రాత్రి ఎనిమిదిన్నరకు వరంగల్ హంటర్ రోడ్ దిక్కు ఒక ఇంట్ల సగం రూములకు కరెంటు లేదని ఫోన్ చేస్తే పోయిన. మెట్ల కింద మీటర్ బోర్డు, నిలబడనీకి జాగ లేదు, కూసుంటే నెత్తి పైకి తగుల్తది. మెయిన్ బంద్ చేసినంక మొత్తం చీకటి. పోయిన ఏడాది 250 రూపాయలకు కొన్న హెడ్‌లైట్ పెట్టుకుంటే ఇరవై నిమిషాలు గూడ కాలే, ఎర్రగై ఆరిపోయింది. ఆ ఇంటి పెద్దమ్మ పాపం తన ఫోన్ టార్చ్ పట్టుకొని నా ఎనుక నిలబడ్డది గని చెయ్యి వణుకుతది, నేను ముందుకు వంగితే నా నీడనే బోర్డు మీద పడుతది, ఇగ లాభం లేదని నా ఫోన్ పండ్ల నడుమ కరుసుకొని పని చేసిన.

న్యూట్రల్ లింక్ (కరెంటు వాపసు పోయే నల్లవైర్లన్నీ కలిపే ఇత్తడి పట్టీ) కాడ స్క్రూ లూజై వైరు కాలింది. దాని పక్కనే ఒక ఎర్రవైరు, అంటే కరెంటు వచ్చేది, పాతది, మసి పట్టి అది గూడ నల్లగనే కనపడుతది ఆ వెలుగుల. గోటితో గీకితే అప్పుడు లోపల ఎరుపు కనపడ్డది. టెస్టర్ పెట్టి రెండుసార్లు చూసుకున్నంకనే ముట్టుకున్న. కాలిన కాడికి కట్ చేసి టెంపరరీగ కలిపి, రేపొచ్చి లింక్ కొత్తది ఏస్త అని చెప్పి వచ్చిన. పండుకున్నా గూడ దవడ గుంజుతనే ఉన్నది. పదహారేండ్లు అయితంది ఈ పనిల, సామాన్లన్నీ మంచియే కొంట, లైటు కాడ మాత్రం ఎప్పుడూ పైసలకు ఎనకాడిన, అది తప్పు.

పొద్దుగాల మా మామకు ఫోన్ చేసిన. భూపాలపల్లి బొగ్గుబాయిల చేసి రిటైరైండు (మా దిక్కు పొలంకాడిది బాయే, బొగ్గు గని గూడ బాయే). నెత్తిలైటు గురించి ఆయన కంటె ఎవరికి తెలుస్తది. అప్పట్ల బ్యాటరీ నడుముకు బెల్టుతోని కట్టుకునేటోళ్లట, వీపు మీంచి వైరు టోపీ దాక పోయేదట, షిఫ్టుకు ముందు ల్యాంప్ రూమ్‌ల తీసుకునుడు, డ్యూటీ దిగినంక మళ్ల అక్కడనే చార్జింగ్‌కు ఇచ్చుడు. ఎంత దూరం కొడుతదని చూడకు, ఎంతసేపు ఒక్క తీరుగ ఎలుగుతదో చూడు అన్నడు. ఇంకోటి గూడ చెప్పిండు, మనిషితోని మాట్లాడేటప్పుడు తల పక్కకు తిప్పాలె, లేకుంటె అవతలోని కండ్లు బైర్లు కమ్ముతయి, చీకట్ల మళ్ల చూపు కుదురుకునేదాక వాడు గుడ్డోని లెక్క నిలబడాలె అని.

పదకొండింటికి స్టేషన్ రోడ్ పోయిన. జేబుల ఎరుపు, పసుపు, నలుపు, పచ్చ వైర్ ముక్కలు ఏసుకొని పోయిన, రంగులు చూడాలె గదా. మొదటి దుకాణంల చూపెట్టిన దాని డబ్బా మీద లక్ష లూమెన్లు (లైటు ఇచ్చే మొత్తం వెలుగు కొలత) అని ఉన్నది, లోపల సెల్ మీద 9900 ఎంఏహెచ్ (సెల్‌ల ఎంత చార్జింగ్ పడుతదో ఆ కొలత). అది 18650 సెల్, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడుగు, గంతే, ఆ సైజుల అసలైన మంచి సెల్‌కు 3500 దాక వస్తది, 9900 ఎక్కడికెళ్లి వస్తది? పక్క కిరాణంల కాటా మీద పెట్టించిన, 31 గ్రాములు. అసలుది 45 గ్రాముల దాక తూగుతది. ఆ దుకాణపాయన గూడ ఆశ్చర్యపోయిండు, ఆయనకు గూడ ఎవరో అంటగట్టిందే గదా.

రెండో దుకాణంల మంచిగ దొరికింది. 400 లూమెన్లు, చాలు నాకు. నా చేతులు నా కండ్లకు జానెడు దూరంల ఉంటయి, 200 మీటర్లు పోయే లైటు నాకెందుకు, ఆ 200 మీటర్లు గూడ చివరన పున్నమి వెన్నెలంత వెలుగు ఉంటే చాలని లెక్క కడుతరు. దగ్గరి పనికి పరుసుకొని పడే వెలుగు కావాలె, నడుమ తెల్లమచ్చ, చుట్టూ చీకటి ఉంటే కండ్లు గుంజుతయి. గోదాంల లైట్లు బంద్ చేపిచ్చి వైర్ ముక్కలు పట్టుకొని చూసిన. ఒకటి నీలం కొట్టే తెలుపు, దాంట్ల ఎరుపు మట్టి రంగులకు తిరిగింది. ఇంకోటి కొంచెం పసుపు పచ్చటి వెలుగు, ఎరుపు ఎర్రగనే ఉన్నది, రాగి రాగిలెక్కనే మెరిసింది. అదే తీసుకున్న. డబ్బా మీద రాసిన 8 గంటలు నమ్మొద్దు, వెలుగు పదోవంతుకు పడిపోయేదాక లెక్క ఏస్తరు, నాకు మీడియంల మూడు గంటలు ఒక్క తీరుగ వస్తే చాలు. సెల్ విప్పి మార్చుకోవచ్చు, సీ టైప్ పిన్ను, చార్జింగ్ కాడ రబ్బరు మూత గట్టిగ ఉన్నది, నీళ్ల చుక్కలకు తట్టుకుంటదని ఐపీఎక్స్4 అని రాసి ఉన్నది, చెమటకు అది సరిపోతది. మొత్తం 950 అయింది. ఎండకాలం బండి డిక్కీల మాత్రం పెట్టద్దు, మన దగ్గరి ఎండకు సెల్ ఆగమైతది.

సాయంత్రం మళ్ల ఆ ఇంటికే పోయిన. నెత్తికి పెట్టుకొని, లైటు కిందికి వంచి, రెండు చేతులతోని పాత లింక్ విప్పి కొత్తది బిగించిన. స్క్రూ చివర చిన్న నల్ల మచ్చ, ఇత్తడి మీద పచ్చటి చిలుము గూడ కనపడ్డది, నిన్న అవేవీ నేను చూడలే. పావుగంటల అయిపోయింది. పెద్దమ్మ చాయ్ తీసుకొని మెట్లకాడికొచ్చి, "ఇయ్యాల లైటు పట్టమంటవా బిడ్డా" అన్నది. వద్దు పెద్దమ్మా నువ్వు కూసో అని చెప్పుకుంట తల గోడ దిక్కు తిప్పిన.