ఉపవాస కూడికలో ప్రార్థనకే టైమ్ లేకపోతే ఎలా?

గుంటూరు, విజయవాడల్లో చాలా క్రైస్తవ సంఘాలకు శుక్రవారం ఉపవాస కూడిక, అంటే ఉపవాసముండి కలిసి ప్రార్థించే కూటం, ఉంటుంది. పదింటి నుంచి ఒంటిగంట దాకా. అందులో పాటలకు గంట, వాక్యానికి, అంటే బైబిలు ప్రసంగానికి, గంటన్నర పోతే ప్రార్థనకు మిగిలేది అరగంట. ఇది తిరగబడాలి. రెండు పాటలు, పావుగంట వాక్యం చాలు.

తర్వాత నలుగురైదుగురు చొప్పున గుంపులు కట్టి, మైకు ఆపెయ్యండి. మైకుంటే అలవాటైన ముగ్గురే ప్రార్థిస్తారు, వెనక చాపల మీద కూర్చున్న అమ్మలు నోరు విప్పరు. ఒక్కొక్కరూ రెండు నిమిషాలు, ఒకే అంశం. పెద్దలెవరైనా ప్రార్థనను ప్రసంగంగా మార్చేస్తే మిగతావాళ్ల మనసు గడియారం మీదికి పోతుంది.

బైబిల్లో 1 తిమోతి 2:1లో విజ్ఞాపనలు, యాచనలతో పాటు కృతజ్ఞతాస్తుతులూ ఉన్నాయి. మనం మరిచిపోయేది వాటినే. అందుకే ప్రార్థన మనవులను ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసి, జవాబు వచ్చాక ఎదురుగా రాసి, మరుసటి వారం చదవాలి. కుటుంబ గొడవలు, జబ్బుల వివరాలు మాత్రం అందరిముందూ చదవకండి. ప్రార్థన పేరుతో ఊరంతా పాకిన మాట ఆ మనిషిని సంఘానికే దూరం చేస్తుంది.

షుగరుకు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. వాళ్లు తినే వచ్చి ప్రార్థించవచ్చు.