పదిహేడో నంబరు చొక్కా

2025 ఫిబ్రవరి 7, శుక్రవారం
బఫలో

ఈ ఉదయం చిన్నది బడికి బయలుదేరబోతూ నీలం రంగు చొక్కా ఒకటి పట్టుకొచ్చి, భుజం దగ్గర కుట్టు ఊడిందని, బస్సు వచ్చేలోపు కుట్టి ఇమ్మని నా ముందు నిలబడింది. అది వాళ్ల అన్నయ్య ఎనిమిదేళ్లప్పుడు తొడుక్కున్న బఫలో బిల్స్ జెర్సీ, అంటే మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు చొక్కా. వీపు మీద 17 అంకెలో ఏడు సగం పెచ్చులూడిపోయింది, మెడపట్టీ సాగిపోయింది. ఇవాళ బడిలో అందరూ ఇదే నంబరు వేసుకొస్తారట. నిన్న రాత్రి న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన సభలో ఈ సీజను అత్యుత్తమ ఆటగాడిగా, అంటే ఎంవీపీగా, మా జట్టులో బంతి విసిరే పదిహేడో నంబరు జాష్ అలెన్ పేరు చదివారు. 1991 సీజనులో థర్మన్ థామస్‌కు వచ్చిన తరువాత ఈ ఊరి జట్టులో మరెవరికీ ఆ గౌరవం దక్కలేదు. సూదిలో నీలం దారం ఎక్కించి రెండు నిమిషాల్లో కుట్టేశాను గాని, ఆ రెండు నిమిషాలూ నాకు సిగ్గుగానే గడిచాయి. ఆ చొక్కా కొనిపెట్టింది నేను కాదు. కొననని చెప్పింది మాత్రం నేనే.

పిల్లలిద్దరూ వెళ్లాక, ఆఫీసు పని మొదలుపెట్టకముందే, కింది గదిలోని అట్టపెట్టెలో 2018 డైరీ వెతికి తీశాను. జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రవాళ్లను తీసుకునే ఆటగాళ్ల ఎంపిక జరిగిన ఏప్రిల్ 26 నాటి పేజీలో నా దస్తూరిలో ఇలా ఉంది: ‘మనవాళ్లు ఏడో స్థానంలో వయోమింగ్ కుర్రవాణ్ణి తీసుకున్నారు. పన్నెండు నుంచి ఏడుకు ఎక్కడానికి రెండో రౌండు ఎంపికలు రెండు ధారపోశారు. కాలేజీలో నూటికి 56 పాసులు చేరినవాడికి ఇక్కడ ఎన్ని చేరతాయి? రోజెన్ ఇంకా మిగిలే ఉన్నాడు, అతణ్ణి వదిలేశారు.’ కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ వయోమింగ్ కుర్రవాడే అలెన్, రోజెన్ నేను కోరుకున్న మరో క్వార్టర్‌బ్యాక్. పాసులంటే సహచరులకు విసిరే బంతులు.

నేను బీమా కంపెనీలో నష్టాల లెక్కలు కట్టే ఉద్యోగిని. నిన్నటి రేటును బట్టి రేపటి రేటు చెప్పడమే నాకు జీతం తెచ్చే పని. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి చేతికందిన రెండు మూడు సెకన్లలో, మీదికి దూకివచ్చే భారీ మనుషులను తప్పించుకుంటూ, పరుగెడుతున్న ఐదుగురిలో ఎవరికి విసరాలో తేల్చుకోవలసినవాడు. కాలేజీ ఆటలోనే గురి తప్పేవాడికి, అంతకంటే వేగమైన ఆటలోకి వచ్చాక గురి కుదరడం చాలా అరుదని అప్పట్లో చాలామంది నిపుణులు చెప్పేవారు, నేనూ నమ్మాను. పైగా ఈ ఊరు ఇలాంటి ఆశలకు అప్పటికే రెండుసార్లు మోసపోయింది. 2004లో జె.పి. లాస్‌మన్, 2013లో ఈ.జె. మాన్యుయెల్, ఇద్దరినీ మొదటి రౌండులోనే తెచ్చుకున్నారు, ఇద్దరూ నిలవలేదు. 2000 సీజను నుంచి పదిహేడేళ్లపాటు ప్లేఆఫ్స్, అంటే సీజను చివరి నాకౌట్ ఆటల, మొహం చూడని జట్టు ఇది. అలాంటి ఊళ్లో అనుమానం రావడానికి కొత్తగా చెడ్డబుద్ధి అక్కరలేదు.

అలెన్ ఏ వాతావరణం నుంచి వచ్చాడో తెలిసినా నా మనసు కరగలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే చిన్న ఊరు, పత్తి పండించే కుటుంబం. హైస్కూలు అయ్యేసరికి పెద్ద కాలేజీల్లో ఒక్కటీ పిలవలేదు. రీడ్లీ అనే రెండేళ్ల కాలేజీలో ఆడి, దేశంలోని కోచ్‌లందరికీ తానే ఉత్తరాలు పంపుకుంటే చివరికి వయోమింగ్ చోటిచ్చింది. పత్తి చేల మధ్య పుట్టిపెరిగిన గుంటూరు జిల్లా దానిగా అక్కడైనా నాకు కాస్త అభిమానం కలగవలసింది. అంకెల ముందు అదీ కలగలేదు.

ఆ సెప్టెంబరులో ఒక శనివారం పెద్దవాణ్ణి దుకాణానికి తీసుకువెళ్లాను. వాడు వరసలో వేలాడుతున్న చొక్కాలన్నీ వదిలి పదిహేడో నంబరుది పట్టుకున్నాడు. ‘రెండేళ్లలో వెళ్లిపోయేవాడి పేరు వీపు మీద ఎందుకు నాన్నా, ఇంకెవరిదైనా తీసుకో’ అన్నాను. వాడు ఏడవలేదు, మారాం చెయ్యలేదు. చొక్కాను జాగ్రత్తగా కొక్కేనికి తగిలించి, భుజాలు సరిచేసి, నా వెనకే వచ్చాడు. ఆ సరిచేయడం మాత్రం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. వారం తిరగకముందే పక్కింటి పెద్దాయన ఆ చొక్కానే సంచిలో పెట్టి వాడి చేతికిచ్చారు. ఆయన లాకవానా ఉక్కు కర్మాగారంలో పనిచేసినవారు, ఈ జట్టు 1964లోనూ 65లోనూ అప్పటి ఏఎఫ్‌ఎల్ లీగు ఛాంపియన్‌గా నిలవడం కుర్రతనంలో కళ్లారా చూసినవారు. అంత చూసిన మనిషికి నాకు కనపడనిది ఏదో కనపడి ఉంటుందని ఆనాటి నుంచీ అనుకుంటూ వచ్చాను.

మొదటి రెండేళ్లలో నా లెక్క తప్పిందని అనడానికి లేదు. 2018లో అతని పాసుల్లో నూటికి 52.8 మాత్రమే చేరాయి. ప్రత్యర్థి చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చిన టచ్‌డౌన్ పాసులు 10 అయితే ప్రత్యర్థి చేతికి చిక్కినవి 12. ఐదు గజాల దూరంలో ఉన్నవాడికి కూడా మామిడికాయను రాలగొట్టడానికి రాయి విసిరినట్టు విసిరేవాడు, బంతి పట్టుకోబోయిన వాళ్ల చేతులకు తగిలి ఎగిరిపోయేది. మధ్యలో మిన్నెసోటా మీద ఎవరూ ఆశ పెట్టుకోని ఆటలో 27-6తో గెలిచినప్పుడు, అడ్డువచ్చిన ఆంటనీ బార్ తల మీదుగా దూకిపోయినప్పుడు, మా వీధి వీధంతా అరిచింది. నేను ఆ అరుపుల మధ్య కూడా ‘దూకడం వేరు, విసరడం వేరు’ అన్నానని మా వారు గుర్తుచేస్తుంటారు. 2019లో శాతం 58.8కి పెరిగింది, జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. 2020 జనవరి 4న హ్యూస్టన్‌లో 16-0తో ముందుండి, చివరికి అదనపు సమయంలో 22-19తో ఓడిపోయారు. ఆట చివరి ఘడియల్లో, ఎవరూ చేయని పనిగా, పరుగెడుతూ పరుగెడుతూ బంతిని పక్కవాడికి వెనక్కి విసిరినప్పుడు మా ఇంట్లో టీవీ కట్టేసింది నేనే. ఆ రాత్రి డైరీలో ఒక్క వాక్యమే ఉంది: ‘చెప్పానా.’

ఆ మాట రాసిన ఎనిమిది నెలలకే అతను మరొక ఆటగాడై కనిపించాడు. 2020లో శాతం 69.2, టచ్‌డౌన్ పాసులు 37, చిక్కినవి 10, మొత్తం 4,544 గజాలు. రెండేళ్లలో పదహారు పాయింట్లకు పైగా పెరుగుదల అంటే మా ఆఫీసులో అయితే అంకె తప్పు పడిందని తిప్పి పంపుతారు. నేనూ మొదట్లో ఏదో మాయ జరిగిందన్నట్టే చూశాను. తరువాత చదువుకుంటే అందులో మాయ ఏమీ కనపడలేదు, విసుగు పుట్టించేంత మామూలు పని కనపడింది. సెలవుల్లో కాలిఫోర్నియాలో జోర్డన్ పామర్ అనే మాజీ క్వార్టర్‌బ్యాక్ దగ్గర అడుగు ఎక్కడ వేయాలి, నడుము ఎప్పుడు తిరగాలి, చెయ్యి ఆ తరువాతే ఎందుకు రావాలి అన్నది మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. ఆ మార్చిలోనే మిన్నెసోటా నుంచి స్టెఫాన్ డిగ్స్ వచ్చి, ఆ ఒక్క సీజనులో 127 బంతులు అందుకున్నాడు. బ్రయన్ డాబొల్ 2018 నుంచి 2021 దాకా నాలుగేళ్లూ దాడి ఆటను తానే నడిపించాడు కాబట్టి, కుర్రవాడికి ఏటా కొత్త భాష నేర్చుకునే బాధ తప్పింది.

నేను కోరుకున్న జాష్ రోజెన్‌కు ఇందులో ఒక్కటీ దొరకలేదు. పదో స్థానంలో అతణ్ణి తీసుకున్న అరిజోనా, సీజను మధ్యలోనే దాడి కోచ్‌ను, ఏడాది తిరగగానే ప్రధాన కోచ్‌ను మార్చేసింది. మరుసటి ఏప్రిల్‌లో కైలర్ మర్రేను తెచ్చుకొని రోజెన్‌ను మయామీకి పంపేసింది. ఆ తరువాత అతను ఎక్కడా కుదురుకోలేదు. అతణ్ణి ఎంచుకోవడంలో నా తప్పు ఎంత, అతని రాత ఎంత అన్నది నేను ఈనాటికీ విడదీయలేను. అలెన్ అరిజోనాకు, రోజెన్ బఫలోకు వెళ్లి ఉంటే నా డైరీలోని ఆ రెండు గీతలు ఇవాళ దూరదృష్టిగా కనపడేవేమో. ఆ మాట పైకి అంటే పెద్దవాడు నా వైపు చూసే చూపు భరించలేను గనక ఇక్కడే రాసుకుంటున్నాను. అదే ఎంపికలో 32వ స్థానంలో బాల్టిమోర్ తీసుకున్న లామర్ జాక్సన్ పేరు నా పేజీలో ఎక్కడా లేదు. నిన్నటి ఓట్లలో అలెన్‌కు 27 మొదటి స్థానాలు వస్తే 23 వచ్చింది అతనికే. అంటే నేను ఒక్కసారి కాదు, ఆ రాత్రి రెండుసార్లు పొరబడ్డాను.

ఇంకొక సంగతి కూడా నన్ను వదలదు. 2020లో కరోనా వల్ల ఇక్కడి స్టేడియంలోకి సీజనంతా ప్రేక్షకులను రానివ్వలేదు. ప్లేఆఫ్స్‌కు మాత్రం ఆరువేల చిల్లరమందిని అనుమతించారు. రెండేళ్లు అతని ప్రతి తప్పుకూ ఉసూరుమన్న డెబ్బైవేల గొంతులు లేని ఖాళీ మైదానంలో అతని చేతికి గురి కుదిరింది. ఇందులో కారణం వెతకడం తొందరపాటే అవుతుంది, వేరే మైదానాల్లోనూ అతను అంతే బాగా ఆడాడు. అయినా ఆ నిశ్శబ్దంలో మా పాత్ర ఏమిటా అని అప్పుడప్పుడు ఆలోచిస్తాను. ఆ నవంబరులో అతని నాయనమ్మ పట్రీషియా పోయిన మరునాడే సియాటిల్ మీద 415 గజాలు విసిరి గెలిపించాడు. ఆ సంగతి బయటపడగానే అభిమానులు ఇక్కడి పిల్లల ఆసుపత్రి ఒయిషైకి ఆమె పేరిట పదిహేడేసి డాలర్లు పంపడం మొదలుపెట్టారు. ఆ మొత్తం పదిలక్షల డాలర్లు దాటింది, ఆసుపత్రిలో ఒక విభాగానికి ఆమె పేరు పెట్టారు. నేనూ పదిహేడు డాలర్లు కట్టాను. ‘నువ్వు కూడానా?’ అన్నారు మా వారు. కొక్కేనికి తిరిగి తగిలించిన చొక్కాకు జరిమానా అనుకోండి అన్నాను.

మధ్యాహ్నం పెరుగు, కూరగాయల కోసం దుకాణానికి వెళ్తే అక్కడ కూడా అదే మాట. నా ముందు వరసలో ఉన్న పెద్దమనిషి కౌంటరు మీది అమ్మాయితో, మొదటి రోజే తాను చెప్పానని, ఎవరూ వినలేదని, వయోమింగ్ ఆటలు కూడా చూశానని గట్టిగా చెబుతున్నాడు. ఆ అమ్మాయి కూడా తలూపి తనకూ తెలుసంది. 2018లో ఆమెకు పదేళ్లయినా ఉంటాయో లేదో. ఇది నాకు కొత్త కాదు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మన హైదరాబాదు లక్ష్మణ్ 281 పరుగులు చేసిన వారంలో, అంతకుముందు ఏళ్లలో ‘ఇతణ్ణి ఎందుకు పెడతారండీ’ అన్న మా గుంటూరు వీధివాళ్లందరూ మొదటినుంచీ నమ్మినవాళ్లయిపోయారు. మా నాన్నగారు వాళ్లలో ముందువరస. వాళ్లు అబద్ధం చెప్పారని నేను అనను, గెలుపు వచ్చాక పాత మాటలు నిజంగానే గుర్తుండవు. డైరీ రాసే అలవాటు లేకపోతే నేనూ ఇవాళ ఆ వరసలో నిలబడి తలూపేదాన్నే.

సాయంత్రం నాలుగున్నరకు పెద్దాయన స్నో బ్లోయర్ తీసి, అలవాటు ప్రకారం తన వాకిలితో పాటు మా వాకిలీ శుభ్రం చేస్తుంటే, నిమ్మకాయ పులిహోర డబ్బాలో పెట్టి తీసుకెళ్లాను. ఆయన యంత్రం ఆపి, చేతి తొడుగులు తీసి, డబ్బా మూత కొద్దిగా తెరిచి వాసన చూసి పెట్టుకున్నారు. ఉదయం కుట్టిన చొక్కా సంగతి చెప్పి, ‘మీరు ఒక్కరే ఆనాడే కనిపెట్టారు’ అన్నాను. ఏడేళ్లుగా చెప్పాలనుకున్న మాట అది. ఆయన కాసేపు అర్థం కానట్టు చూసి పెద్దగా నవ్వారు.

‘నేనా? వాడు రెండేళ్లు కూడా ఉండడనుకున్నానమ్మా’ అన్నారు. ‘లాస్‌మన్‌ను చూశాను, మాన్యుయెల్‌ను చూశాను, ఇంకొకడొచ్చాడనుకున్నాను. ఆ వారం బాల్టిమోర్‌లో 47-3తో చిత్తుగా ఓడిపోతే దుకాణంవాడు చొక్కాలన్నీ సగం ధరకు పెట్టాడు. మీ వాడి సైజు అదొక్కటే మిగిలింది.’

నాకు నోట మాట రాలేదు. ఆ ఓడిన ఆటను మొదలుపెట్టినవాడు అలెన్ కూడా కాదు, నేథన్ పీటర్‌మన్. అలెన్‌కు మొదటిసారి ఆట మొదలుపెట్టే అవకాశం ఆ మరుసటి వారమే వచ్చింది. అంటే అతను సరిగా ఆడనైనా ఆడకముందే అతని చొక్కా సగం ధరకు దిగిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర ఈ కథ చెబితే మా వారు నీళ్లు పొలమారేదాకా నవ్వి, ‘ఎంవీపీ సరే, కప్పు ఏదీ?’ అన్నారు. పన్నెండు రోజుల క్రితమే కాన్సస్ సిటీ చేతిలో 32-29తో ఓడిపోయి వచ్చారు. ప్లేఆఫ్స్‌లో అలెన్ వాళ్లకు ఓడడం ఇది నాలుగోసారి. పెద్దవాడు కంచంలోంచి తల ఎత్తకుండా, ‘అమ్మా, ఈసారి డైరీలో ఏం రాస్తున్నావు?’ అని అడిగాడు. ఇప్పుడు వాడు నాకంటే జానెడు పొడుగు. ఏమీ రాయడంలేదని చెప్పాను. చిన్నది చొక్కాతోనే నిద్రపోయింది, కుట్టు నిలిచింది గాని ఛాతీ మీద కెచప్ మరక పడింది, రేపు నానబెట్టాలి.

ఆదివారం జరిగే ఫైనల్, సూపర్ బౌల్‌కు పెద్దాయనను భోజనానికి పిలిచాను. కాన్సస్ సిటీ ఆడే ఆట తాను చూడనని, గారెలు వేస్తే మాత్రం వచ్చి టీవీకి వీపు పెట్టుకొని కూర్చుంటానని అన్నారు. మినప్పప్పు శనివారం రాత్రే నానబోయాలి.